ఆ ఏడు పేపర్లు ఎవరివి? – ఒక రివ్యూయర్‌కు బహిరంగ లేఖ

రెండో రివ్యూయర్ గారికి,



మీ పేరు నాకు తెలియదు. తెలియకూడదన్నదే పద్ధతి కూడా. జర్నల్ నుంచి వచ్చిన మెయిల్లో మీరు కేవలం ‘రివ్యూయర్ 2’. అయితే మా పేపర్లో తప్పకుండా చేర్చాలంటూ మీరిచ్చిన ఏడు పేపర్ల జాబితాలో, ఏడింటికీ ఒకే రచయిత పేరు ఉంది. అది మీ పేరే అని నేను తేల్చెయ్యను. మీ గైడ్‌ది కావచ్చు, మీ డిపార్ట్‌మెంట్ పెద్దది కావచ్చు. ఊహనే రుజువుగా చేసుకుని ఒక మనిషి పరువు బజారున పెట్టడం నాకు చేతకాదు. అందుకే ఈ లేఖ ఆ పేరుకు రాయడం లేదు, ఆ పనికి రాస్తున్నాను. ఆ పని చేసేవాళ్లు మన దేశంలోనూ ఉన్నారు, బయటా ఉన్నారు. వాళ్లలో ఎవరు చదివినా ఇది వాళ్లకు రాసిన ఉత్తరమే.

మన వ్యవహారం తెలియని పాఠకుల కోసం నాలుగు మాటలు. ఒక శాస్త్రవేత్త తన పరిశోధనను పేపర్‌గా రాసి జర్నల్‌కు పంపితే, ఎడిటర్ దాన్ని అదే రంగంలో పనిచేసే ఇద్దరికో ముగ్గురికో పంపుతారు. వాళ్లు చదివి, లోటుపాట్లు రాసి, వేసుకోవచ్చనో దిద్ది పంపమనో వద్దనో సలహా ఇస్తారు. దీన్నే పీర్ రివ్యూ అంటారు. చదివేవాళ్లకు జీతం ఉండదు, చాలా పత్రికల్లో పేరు బయటికి రాదు. మందు పనిచేస్తుందని డాక్టరు నమ్మినా, విత్తనం కరువును తట్టుకుంటుందని వ్యవసాయాధికారి చెప్పినా, ఆ నమ్మకం వెనక ఎక్కడో ఒక చోట ఇలాంటి ఇద్దరు ముగ్గురు కూర్చుని చదివిన చదువు ఉంటుంది.

ఇప్పుడు మీ నివేదిక సంగతి. మా రీసెర్చ్ స్కాలర్ పేపర్ వేరుశనగ నిల్వ గురించి. అనంతపురం జిల్లా పల్లెల్లో రైతులు ఇంట్లో బస్తాల్లో దాచుకున్న కాయల్లో అఫ్లాటాక్సిన్ ఎంత ఉంది, వానకు తడిసి సరిగా ఆరని కాయలో ఎంత పెరుగుతుంది అన్నది విషయం. అఫ్లాటాక్సిన్ అంటే ఒక రకం బూజు తయారుచేసే విషం. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే, కారణం వెతగ్గా వెతగ్గా బ్రెజిల్ నుంచి దాణాగా వచ్చిన వేరుశనగ చెక్కలో దొరికింది. అది కాలేయ క్యాన్సర్‌కు కారణమని ఈనాడు అందరూ ఒప్పుకున్న మాట. యూరప్ దేశాలు నేరుగా తినే వేరుశనగలో కిలోకు 4 మైక్రోగ్రాములకు మించితే సరుకును రానివ్వవు. ఇది ఇక్కడి రైతు ధరకూ, ఇక్కడి పిల్లలు తినే పల్లీ చిక్కీకీ సంబంధించిన విషయం. ఆ పేపర్లో తప్పుంటే ఎవరో ఒకరు పట్టుకోవాలి. పట్టుకోమనే కదా మీకూ పంపారు.

మొదటి రివ్యూయర్ పట్టుకున్నారు. ఆయనో ఆవిడో నాకు తెలియదు గానీ, రాసిన మొదటి ప్రశ్న చూడగానే మనసులోనే దండం పెట్టుకున్నాను. బస్తాలో కాయలు ఎక్కడి నుంచి తీశారు, పైనుంచేనా, నడుమ నుంచీ అడుగు నుంచీ కూడానా? ఒక్కో బస్తా నుంచి ఎంత బరువు తీశారు? తీసినదంతా పొడి కొట్టి, ఆ పొడిలోంచి కొంత తీసి పరీక్షించారా, లేక గింజలనే కొన్ని ఏరి పరీక్షించారా?

ఈ ప్రశ్న విలువ ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుస్తుంది. అఫ్లాటాక్సిన్ బస్తా అంతటా సమానంగా పరుచుకుని ఉండదు. వందల గింజలు శుభ్రంగా ఉంటాయి, వాటి మధ్య బూజు పట్టిన గింజ ఒకటో రెండో ఉండి, విషమంతా అందులోనే ఉంటుంది. చేతికందిన గుప్పెడు తీసి పరీక్షిస్తే, ఆ గింజ పడితే బస్తా మొత్తం విషం అని వస్తుంది, పడకపోతే అమృతం అని వస్తుంది. ల్యాబులో ఎంత ఖరీదైన మిషన్ ఉన్నా, బస్తా దగ్గర చేసిన తప్పును అది సరిదిద్దలేదు. మా స్కాలర్ ఆ జాగ్రత్తలన్నీ తీసుకుంది. నోటుబుక్కులో ప్రతి బస్తాకూ బరువు రాసి ఉంది. అదంతా పేపర్లోకి చేరింది. అదే రివ్యూయర్ ఇంకో మాట అడిగారు. ఒకే ఇంట్లోని నాలుగు బస్తాలను నాలుగు వేర్వేరు నమూనాలుగా లెక్కేస్తున్నారా, ఒకే ఇంటి లెక్కగానా అని. ఒకే కప్పు కింద, ఒకే తేమలో ఉన్న బస్తాలు ఒకదాని తోడు ఒకటి పాడవుతాయి. వాటిని విడివిడిగా లెక్కేస్తే నమూనాల సంఖ్య కాగితం మీద పెరుగుతుందే గానీ ఊళ్లో పెరగదు. ఇంటిని లెక్కలోకి తీసుకుని పట్టికలు మళ్లీ వేశాం. పేపర్ గట్టిపడింది. ఆ రివ్యూయర్ పేరు మేము ఎప్పటికీ తెలుసుకోలేం, కృతజ్ఞతలు కూడా ‘పేరు తెలియని సమీక్షకులకు’ అని రాయాల్సిందే.

మీ నివేదిక ఆ మొదటి నివేదిక వెంటే వచ్చింది. మూడే ముక్కలు. ఇంగ్లీషు బాగాలేదు, ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారితో దిద్దించండి. కొత్తదనం స్పష్టంగా లేదు. సాహిత్య సమీక్ష బలహీనంగా ఉంది, కింద ఇచ్చిన తాజా పేపర్లను తప్పక చేర్చండి. ఆ కింద ఏడు. వాటిలో ఒకటి చేపల మేత గురించి. ఇంకొకటి బట్టల రంగులు కలిసిన నీటిని శుద్ధి చేసే ఎంజైముల గురించి. మరొకటి గోధుమ పిండి గురించి. ఏడింటిలోనూ వేరుశనగ మాట లేదు. బస్తా మాట లేదు, నమూనా మాట లేదు. మీరు మా పేపర్ చదివారనడానికి మీ నివేదికలో ఒక్క ఆనవాలు లేదు. ఇందులోని మూడు వాక్యాలను ఏ దేశంలో ఏ పంట మీద రాసిన ఏ పేపర్‌కైనా అతికించవచ్చు. ఈ మూడు వాక్యాల కోసం మీరు మా పేపర్‌ను నెలల తరబడి దగ్గర పెట్టుకున్నారు.

రివ్యూయర్ గారూ, మీరు అడిగినదానికి ఉన్న పేరు లంచం. డబ్బు చేతులు మారలేదు కాబట్టి కాదనుకుంటున్నారేమో. ఒకరి పని మీ సంతకం దగ్గర ఆగి ఉంది, అది కదలాలంటే మీకు కావలసింది ఇవ్వాలి అని చెప్పడమే లంచం. మీకు కావలసింది సైటేషన్, అంటే ఇంకొకరు తమ పేపర్లో మీ పేపర్‌ను ఉటంకించడం. అది నోటుకంటే తక్కువదేమీ కాదు, ప్రమోషన్‌గా మారుతుంది, ప్రాజెక్టుగా మారుతుంది, అవార్డుల కమిటీలో కుర్చీగా మారుతుంది.

ఇచ్చేవాళ్లు ఎందుకిస్తారో మీకు బాగా తెలుసు. ఫెలోషిప్ మీద చేరిన స్కాలర్‌కు జూనియర్, సీనియర్ కలిపి ఐదేళ్లు. మొదటి రెండేళ్లు పద్ధతులు నేర్చుకోవడంలో, పరికరం బాగుచేయించుకోవడంలో పోతాయి. పంట ఏడాదికి ఒకసారే వస్తుంది. వానలు మొహం చాటేస్తే ఆ ఏడాది నమూనాలు లేవు. పీహెచ్‌డీ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022లో తీసేసింది గానీ, ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నప్పుడు మొదటి ప్రశ్న ఇప్పటికీ ‘పబ్లికేషన్లు ఎన్ని?’ అనే. అలాంటి మనిషికి మీ జాబితా అందితే ఏం చేస్తుంది? ఏడు రిఫరెన్సులు చేర్చేస్తే అరగంట పని, ఎదురు చెబితే ఇంకో ఆరు నెలలు. చేర్చేస్తుంది. చేర్చి, తాను చదవని పేపర్లను చదివినట్టు రాసిన మొదటి అబద్ధంతో శాస్త్రంలో అడుగుపెడుతుంది. మీరు చేస్తున్న నష్టంలో అన్నిటికంటే పెద్దది ఇదే. మీ లెక్క ఏడు పెరిగితే పెరిగింది, దాన్ని ఎవరైనా రేపు సరిచేస్తారు. కొత్తగా వచ్చిన పిల్లకు మీరు నేర్పిన పాఠాన్ని సరిచేయడం ఎవరి తరం?

సైటేషన్ అన్నది ఎందుకు పుట్టిందో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఈ ఆలోచన నాకు ఎక్కడి నుంచి వచ్చింది, ఈ సంఖ్య ఎవరు ముందు కొలిచారు అని తరవాతివాళ్లకు దారి చూపించడానికి. యూజీన్ గార్ఫీల్డ్ 1964లో సైన్స్ సైటేషన్ ఇండెక్స్ తెచ్చినప్పుడు కూడా అది పేపర్ల మధ్య దారులు వెతుక్కునే పనిముట్టు. ఆ తరవాత దాన్ని మనుషుల మీద పెట్టి తూయడం మొదలైంది. 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ హెచ్ ఇండెక్స్‌ను ప్రతిపాదించారు. ఒకరికి హెచ్ ఇండెక్స్ 20 అంటే, కనీసం ఇరవైసార్లు చొప్పున సైటేషన్లు వచ్చిన పేపర్లు ఆ మనిషివి ఇరవై ఉన్నాయని. ఇక్కడ ఒక కిటుకు ఉంది. పదిహేడు పద్దెనిమిదిసార్ల దగ్గర ఆగిపోయిన పేపర్లకు నాలుగేసి సైటేషన్లు తోడైతే చాలు, ఇండెక్స్ పైకి లేస్తుంది. మీ జాబితాలోని ఏడు పేపర్లను చూసినప్పుడు నాకు ఇదే తట్టింది. మీ రంగానికి పేరు తెచ్చిన పేపర్లు అందులో లేవు. గీత దగ్గర ఆగిపోయిన పేపర్లే ఉన్నాయి.

మీ చేతిలో ఉన్న అధికారం చిన్నదేమీ కాదని చరిత్ర చెబుతుంది. 1665లో లండన్‌లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ‘ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్’ మొదలుపెట్టినప్పుడు ఏది వేయాలో ఎక్కువగా ఆయనే నిర్ణయించేవాడు. 1830ల్లో రాయల్ సొసైటీ, వచ్చిన పేపర్ల మీద సభ్యుల చేత రాతపూర్వక నివేదికలు రాయించడం మొదలుపెట్టింది. ఆ కొత్త పద్ధతికి తొలినాళ్లలోనే బలైన మనిషి ఒకడు మన బొంబాయి నుంచే పేపర్ పంపాడు. జాన్ జేమ్స్ వాటర్‌స్టన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. ఈస్టిండియా కంపెనీ నౌకాదళ కుర్రాళ్లకు బొంబాయిలో పాఠాలు చెప్పేవాడు. వాయువులో అణువులు ఎడతెగకుండా పరుగెడుతూ ఉంటాయి, వాటి వేగపు వర్గం సగటే ఉష్ణోగ్రతను నిర్ణయిస్తుంది అని లెక్క కట్టి, 1845 చివర్లో లండన్‌కు పంపాడు. చదివిన రిఫరీల్లో, అంటే రివ్యూయర్లలో, ఒకరు అది వట్టి చెత్త అని, సొసైటీలో చదవడానికైనా తగదని రాశారు. పేపర్ అచ్చు కాలేదు, తిరిగి కూడా రాలేదు. సొసైటీ దస్తావేజుల్లో పడి ఉండిపోయింది. ఆయన దగ్గర నకలు లేదు.

అదే సిద్ధాంతాన్ని 1857లో క్లాసియస్, ఆ తరవాత మాక్స్‌వెల్ వేరే దారిన కట్టుకొచ్చారు, కీర్తి వాళ్లకు దక్కింది. వాటర్‌స్టన్ 1883లో ఎడిన్‌బరో దగ్గర కనిపించకుండా పోయాడు. 1891లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ సొసైటీ పాత కాగితాలు తిరగేస్తూ ఆ పేపర్‌ను చూసి నివ్వెరపోయి, 1892లో అచ్చు వేయించాడు. రాసినవాడు పోయి తొమ్మిదేళ్లయింది. ఆ రిఫరీ దుర్మార్గుడని నేను అనను. అర్థం కాలేదు, ఓపిక పట్టలేదు, ఎక్కడో దూరదేశంలోని బడిపంతులు రాసిందని తేలిగ్గా తీసుకుని ఉండవచ్చు. ఒక్క మనిషి తొందరపాటు నివేదికకు ఉన్న శక్తి అది. ఆయనకైనా అందులో సొంత లాభం లేదు. మీకు ఉంది.

ఇదే అధికారాన్ని నిలబెట్టినవాళ్లూ ఉన్నారు. నాకు తెలిసినంతలో రివ్యూయర్లందరూ పటం కట్టి గోడకు తగిలించుకోవలసిన మనిషి భౌతిక శాస్త్రవేత్త హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్. 1936లో ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్ కలిసి, గురుత్వ తరంగాలు ఉండనే ఉండవని తేల్చే పేపర్‌ను ‘ఫిజికల్ రివ్యూ’కు పంపారు. ఎడిటర్ జాన్ టేట్, పంపినవాడు ఐన్‌స్టీన్ కదా అని ఊరుకోలేదు. రిఫరీకి పంపారు. రిఫరీ పది పేజీల నివేదిక రాసి, లెక్కలో మెలిక ఎక్కడుందో చూపించాడు. జూలైలో టేట్ దాన్ని ఐన్‌స్టీన్‌కు పంపితే, అచ్చు వేయడానికి ఇచ్చాను గానీ ఎవరికో చూపించడానికి కాదు అని ఆయన కోపంతో పేపర్ వెనక్కి తీసేసుకున్నారు. ఆ పత్రికకు మళ్లీ పరిశోధనా పత్రం పంపలేదు కూడా. ఆ రిఫరీ రాబర్ట్‌సనే. ఆయన అలిగి కూర్చోలేదు. ప్రిన్స్‌టన్‌కు తిరిగి వచ్చాక ఐన్‌స్టీన్ సహాయకుడు లియోపోల్డ్ ఇన్‌ఫెల్డ్‌తో మాటల్లో మాటగా ఆ లెక్క చేయించి, తప్పు ఎక్కడుందో తేటపరిచాడు. 1937లో ఆ పేపర్ ఇంకో పత్రికలో అచ్చయ్యేటప్పటికి తీర్మానం మారిపోయి ఉంది. రిఫరీని నేనేనని రాబర్ట్‌సన్ లోకానికి చాటుకోలేదు. ఆయన 1961లో పోయాడు. ఆ సంగతి పత్రిక పాత రికార్డుల ఆధారంగా బయటికి వచ్చింది 2005లో.

పేరు దాచడం అన్నది ఇందుకోసం పెట్టారు. ఐన్‌స్టీన్ అంతటివాడికి కూడా ‘అయ్యా, ఇక్కడ తప్పుంది’ అని భయం లేకుండా చెప్పడానికి. రేపు నా ఉద్యోగం ఆయన చేతిలో ఉంటుందేమో, ఆయన నా ప్రాజెక్టు కమిటీలో ఉంటాడేమో అని వెనకాడకుండా నిజం రాయడానికి. ఆ చాటును మీరు బలహీనుల దగ్గర వసూళ్లకు వాడుకుంటున్నారు. కంచే చేను మేస్తే చెప్పుకోవడానికి ఎవరి దగ్గరికి పోవాలి?

మీలాంటివాళ్లు ఎక్కువమంది లేరు, అది నిజం. 2019లో ఎల్సెవియర్ సంస్థ దాదాపు 55,000 మంది రివ్యూయర్ల తీరు పరిశీలించి, తమ పేపర్లను పదేపదే చేర్పించుకున్నట్టు అనుమానం కలిగించినవాళ్లు ఒక్క శాతం కూడా లేరని చెప్పింది. అదే ఏడాది ‘బయోఇన్ఫర్మాటిక్స్’ పత్రిక ఒక రివ్యూయర్‌ను నిషేధించినట్టు ప్రకటించింది. ఆ రివ్యూయర్ ఒక్కో నివేదికలో సగటున 35 సైటేషన్లు చేర్చమని అడిగితే, అందులో తొంభై శాతం తన పేపర్లే. ఒక్క మనిషి ఎన్ని పేపర్లను కలుషితం చేయగలడో చూడండి. ఎడిటర్లు పక్కపక్కన పెట్టి చూస్తేనే ఇది బయటపడుతుంది. ఒక్కో రచయితకు తన నివేదిక ఒక్కటే కనిపిస్తుంది కాబట్టి, ప్రతివాడూ తన ఖర్మ అనుకుని సర్దుకుపోతాడు.

నిజంగా సంబంధం ఉన్న మీ పేపర్‌ను మేము వదిలేసి ఉంటే, చెప్పడం మీ హక్కే. అది ఎందుకు అవసరమో, మా ఏ వాక్యానికి అది తోడ్పడుతుందో లేక ఏ వాక్యాన్ని ఖండిస్తుందో రాయండి. అది మీదేనన్న సంగతి ఎడిటర్‌కు విడిగా చెప్పండి. పబ్లికేషన్ ఎథిక్స్ కమిటీ కోప్ మార్గదర్శకాలు అడిగేదీ ఇంతే. కారణం శాస్త్రీయంగా ఉండాలి, సొంత లెక్క పెంచుకోవడానికి కాకూడదు. ఒక్క వాక్యం కారణం రాయలేని సూచనను చేయకండి.

ఇంగ్లీషు గురించి మీరు రాసిన మాట దగ్గర నేను కాసేపు ఆగాలి. మా స్కాలర్ కళ్యాణదుర్గం దగ్గర పల్లెలో ఇంటర్ దాకా తెలుగు మీడియంలో చదివింది. ఆ పేపర్‌ను ఆమె రాసింది, నేను చదివాను, మా డిపార్ట్‌మెంట్‌లో ఇంకో ఇద్దరు చదివారు. ఏ వాక్యం మీకు అర్థం కాలేదో ఒక్కటి కూడా చూపించలేదు మీరు. మొదటి రివ్యూయర్ మాత్రం ఆరు చోట్ల పేజీ, లైను నంబర్లతో సహా, ఈ వాక్యానికి రెండు అర్థాలు వస్తున్నాయి, ఇలా మార్చండి అని రాశారు. ఆ ఆరూ మార్చాం. పేపర్ మొదటి పేజీలో యూనివర్సిటీ పేరు, ఊరి పేరు చూసి ‘మాతృభాషగా ఉన్నవారితో దిద్దించండి’ అని ముద్ర కొట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ మాట భాషను దిద్దదు. బస్తాల మధ్య కూర్చుని ఎండలో కాయ తూకం వేసిన ఒక మనిషికి నీ స్థానం ఇది అని చెబుతుంది, అంతే. ఇది మనవాళ్లు మనవాళ్లకే రాసినప్పుడు ఇంకా కష్టంగా ఉంటుంది.

ఆలస్యం గురించి ఎక్కువ రాయను. తీరిక లేకపోతే లేదని మొదటి మెయిల్‌కే జవాబివ్వచ్చు. ‘డిక్లైన్’ బటన్ నొక్కితే ఎవరూ ఏమీ అనుకోరు. ఎడిటర్ అదే రోజు ఇంకొకరిని వెతుక్కుంటారు. ఒప్పుకుని, గుర్తుచేసిన ప్రతిసారీ ఇంకో రెండు వారాలు అడిగి, చివరికి మూడు వాక్యాలు పంపడం మాత్రం ఎవరి సమయం మీదనో కూర్చోవడమే. అలాగే, చదవడానికి ఇచ్చిన పేపర్‌ను చాట్‌బాట్‌లో వేసి, అది రాసిచ్చినదాన్ని నివేదికగా పంపేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. అచ్చు కాని పేపర్ రహస్యంగా ఉంచాల్సిన పరాయి సొత్తు. దాన్ని ఇలా చాట్‌బాట్‌లో వేయడాన్ని చాలా జర్నళ్లు స్పష్టంగా నిషేధించాయి.

మీ కష్టం నాకు తెలియదని అనుకోకండి. నేనూ రివ్యూలు రాస్తాను, ఒక పత్రికకు ఎడిటర్‌గా రివ్యూయర్లను బతిమాలుకుంటాను కూడా. పగలు క్లాసులు, పరీక్ష పేపర్లు, న్యాక్ ఫైళ్లు అయ్యాక రాత్రి భోజనం చేసి ల్యాప్‌టాప్ తెరిస్తే గానీ ఈ పని జరగదు. 2020 ఒక్క ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా రివ్యూయర్లు ఈ పని మీద పెట్టిన సమయం పది కోట్ల గంటలకు పైనే అని ఒక అంచనా వచ్చింది. మనం ఊరికే చేసే శ్రమ మీద పెద్ద ప్రచురణ సంస్థలు లాభాలు గడిస్తున్నాయన్న కోపం నాకూ ఉంది. యూనివర్సిటీలు ఈ పనిని ఏ లెక్కలోనూ వేసుకోవన్న బాధా ఉంది. ఆ కోపం తీర్చుకోవలసింది ప్రచురణ సంస్థ మీద, యూనివర్సిటీ మీద. రాత్రి పూట మీ చేతికి వచ్చిన ఆ పిల్ల పేపర్ మీద కాదు.

ఎడిటర్లకు కూడా ఇక్కడే ఒక మాట. మాకు వచ్చిన ఉత్తరంలో ‘రివ్యూయర్లందరి సూచనలకూ సమాధానం ఇవ్వండి’ అని మాత్రం ఉంది. ఆ ఏడు పేపర్లను ఎడిటర్ ఒక్కసారి చూసినా చాలు, కొట్టేసి పంపేవారు. రివ్యూయర్ రాసింది దాటవేయడానికి, తగ్గించడానికి, పక్కన పెట్టడానికే ఎడిటర్ అనే మనిషి ఉన్నారు. టేట్ ఐన్‌స్టీన్‌కు జంకలేదు, మీరు ఒక రివ్యూయర్‌కు జంకవద్దు. కొన్ని పత్రికలు తలుపులు తెరుస్తున్నాయి. బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1999 నుంచే రివ్యూయర్ల పేర్లు రచయితలకు తెలియజేస్తోంది. ‘నేచర్’ 2025 జూన్ నుంచి కొత్తగా వచ్చే పరిశోధనా పత్రాలన్నిటికీ అచ్చయ్యాక రివ్యూ నివేదికలనూ బయటపెడుతోంది. పేర్లు చెప్పాలో వద్దో రివ్యూయర్ల ఇష్టం, రాతలు మాత్రం అందరికీ కనిపిస్తాయి. మన దేశపు పత్రికలు కూడా ఈ దారిలోకి రావాలి. పేర్లు దాచుకోనివ్వండి, నివేదికలను దాచనివ్వకండి.

మేము ఏం చేశామో చెప్పి ముగిస్తాను. ఏడింటికీ ఒక్కొక్కదానికి ఒక్కో వాక్యం చొప్పున, ఈ పేపర్ మా విషయానికి ఎందుకు సంబంధించదో మా స్కాలర్ చేతే రాయించాను. ఏడింటిలో ఒకే పేరు ఉందన్న సంగతి ఎడిటర్‌కు మాత్రమే వెళ్లే ఉత్తరంలో రాశాం. ఒక్కటీ చేర్చలేదు. ఆలస్యం అయింది గానీ, పేపర్ అచ్చయింది. ఇది చదువుతున్న స్కాలర్లు ఎవరైనా ఇలాంటి జాబితా చేతిలో పెట్టుకుని రాత్రంతా తలపట్టుకుని కూర్చుంటే, మీ గైడ్‌ను వెంటబెట్టుకుని ఇలాగే రాయండి. మర్యాదగా, ఒక్కో పేపర్‌కూ కారణం చూపిస్తూ. ఎడిటర్‌కు చెప్పడం చాడీ చెప్పడం కాదు, ఆ హక్కు మీకుంది.

ఇక మీకు, రివ్యూయర్ గారూ. ఈ వారం కూడా మీ మెయిల్లో ఎవరిదో ఒక పేపర్ ఉండే ఉంటుంది. దాన్ని పూర్తిగా చదవండి, పద్ధతుల భాగాన్ని రెండుసార్లు చదవండి, మీకు తోచింది నిర్మొహమాటంగా రాయండి. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి, ఎందుకో చెప్పండి. ఆ పని చేసే తీరిక లేకపోతే ఈ రోజే వెనక్కి పంపించెయ్యండి.

ఇట్లు,
మీ నివేదిక అందుకున్న ఒక పేపర్ రచయిత